సీమ సంపెంగకు జామీను

మా ముత్తాతగారు ఇందుకూరుపేట కాలవ చివరి ఊళ్ళలో మునసబుగిరీ చేశారు. ఆయన నడిచి వస్తుంటే బండ్లవాళ్ళు దిగి, ఎద్దుల ముక్కుతాళ్ళు పట్టుకుని పక్కకు నిలబడేవారు. మా తాతగారు తాలూకా బోర్డు మెంబరు. నెల్లూరు కచేరీలో కలెక్టరు ఎదుట కుర్చీలో కూర్చునే మర్యాద ఉన్న కొద్దిమందిలో ఆయన ఒకరు. మా నాన్నగారు రెండుసార్లు సమితి ప్రెసిడెంటుగా చేశారు. నేను నెల్లూరులో ఒక హైస్కూల్లో గుమాస్తాగా చేరి, హెడ్ గుమాస్తాగా రిటైరయ్యాను. మా నలుగురిలో ఎవరమూ ఇంకొకరి ముందు చేతులు కట్టుకుని నిలబడలేదు. పోయిన ఏడాది వరకు ఆ మాట నేను ధైర్యంగా చెప్పగలిగేవాడిని.

మైపాడు రోడ్డు మీద మాకు పదకొండు ఎకరాల తోట ఉండేది. దాన్ని వేయించింది ముత్తాతగారే. పంట కోసం కాదు, చూడడానికి. బంగారంలాంటి వరి పండే చోట తినడానికి పనికిరాని చెట్లు పెంచుతున్నాడని జనం వెనక నవ్వుకునేవారట. ఆయన ముందు నవ్వినవాడు లేడు. ఉబ్బసానికి గాలి మార్పు కోసం ఒక వేసవి నీలగిరి కొండలకు వెళ్ళి, అక్కడ ఎవరో దొర బంగళా ముందు ఒక చెట్టును చూశారు. దాని మొక్కలు రెండు తడి గోనెల్లో చుట్టించి, రైల్లో తన పక్కనే పెట్టుకుని తెచ్చారు. ఒకటి దారిలోనే పోయింది. రెండోది మా తోట నడుమ నాటుకుంది.

దానికి మా ఇంట్లో పెట్టిన పేరు సీమ సంపెంగ. ఆకు మందంగా, పైన నూనె రాసినట్టు మెరుస్తుంది. కింది వైపు తుప్పు రంగులో, ముఖమల్ గుడ్డలా ఉంటుంది. పువ్వు తెలుపు, అన్నం తినే పళ్ళెమంత. నిమ్మకాయ చిదిపినట్టు వాసన. వేలితో ముట్టుకుంటే ముట్టుకున్న చోట సాయంత్రానికి గోధుమరంగు మచ్చ పడుతుంది. అందుకని మా ఇంటి ఆడవాళ్ళు దాన్ని తలలో పెట్టుకునేవారు కాదు. కొమ్మతో సహా కోసి, హాల్లో ఇత్తడి గంగాళంలో నీళ్ళు పోసి ఉంచేవారు. వచ్చిన పెద్దమనుషులు దూరం నుంచి చూసి, వాసన పీల్చి వెళ్ళేవారు. ఇప్పుడు ఆ చెట్టు కింద బోర్డు పెట్టారు. మాగ్నోలియా అని, మన సంపెంగ కూడా ఆ కుటుంబానిదేనని అందులో రాసి ఉంది. మా ముత్తాతగారు ఏ బోర్డూ చదవకుండానే ఆ సంగతి తెలుసుకున్నారు.

బోర్డు పెట్టింది మేము కాదు. నాకు ఇరవై రెండేళ్ళప్పుడు తోట ఒక వ్యవసాయ కాలేజీ చేతికి పోయింది. వాళ్ళు ఇంకా చాలా మొక్కలు తెచ్చి, కంకర దారులు వేసి, బొటానికల్ గార్డెన్ అని పేరు పెట్టారు. ప్రహరీ మాత్రం మాదే. నలుచదరంగా ఉండవలసిన గోడ ఈశాన్యం మూల దగ్గర లోపలికి నొక్కుకుపోయి, ఎవరో కొరికిన అట్టులా కనిపిస్తుంది. చిన్నప్పుడు ఎవరైనా అదేమిటని అడిగితే సర్వేయరు చేసిన తప్పు అని నాన్నగారు చెప్పేవారు.

మాఘం వెళ్ళగానే నేను మైపాడు బస్సెక్కుతాను. ఇప్పటికి నలభై ఏళ్ళు దాటింది. వైశాఖం లోపల ఐదారుసార్లు వెళతాను. పెద్దవాళ్ళకు టిక్కెట్టులో తగ్గింపు ఉందని కౌంటరులో చెబుతారు. నేను పూర్తి టిక్కెట్టే తీసుకుంటాను. లోపల సిమెంటు బెంచీలు ఉన్నాయి. వాటి వీపుల మీద దాతల పేర్లు చెక్కి ఉంటాయి. నేను వాటి మీద కూర్చోను.

ముందు కానుగల దగ్గరకు వెళతాను. కానుగ ఒక వారంలో ఆకంతా రాల్చి, మరుసటి వారానికి కొత్త చిగురు వేసుకుంటుంది. ఆ చిగురు మీద ఎండ పడితే కంటికి చలువ చేసినట్టుంటుంది. తర్వాత పొగడలు. పొగడపువ్వు చెట్టు మీద కంటే నేల మీద బాగుంటుంది. ఎండిపోయినా వాసన వదలని పువ్వు అదొక్కటే. మా అమ్మ బీరువాలో బట్టల నడుమ ఆ ఎండు పూలే ఉండేవి. అక్కడ నుంచి దక్షిణపు గోడ పక్కన పొన్నలు. సముద్రపు గాలికి కొంచెం పడమరకు వంగి, అయినా ఏ లోటూ లేనట్టు పూస్తాయి. ఉప్పు గాలిలో పుట్టిన చెట్టు అది, దానికి ఎవరి సాయమూ అక్కర్లేదు. చైత్రం చివర్లో రేలచెట్లు పసుపు గుత్తులు దించుతాయి. కాలేజీ పిల్లలు వాటి కింద నిలబడి ఫోటోలు తీసుకుంటారు. నా వైపు ఫోను చాచి, "తాతా, ఒకటి తీస్తారా?" అంటారు. తీసి ఇస్తాను. ఆ ఫోటోల్లో నేనెక్కడా ఉండను.

నాకు పెళ్ళి కాలేదు. మా అంతస్తు చూసి అడగవలసినవాళ్ళు మా పరిస్థితి చూసి అడగలేదు. పరిస్థితి చూసి అడిగినవాళ్ళను మేము ఇంట్లోకి రానివ్వలేదు. నెల్లూరులో ఒక మేడ మీది రెండు గదుల్లో ఉంటాను. వారం రోజులు ఎవరితోనూ మాట్లాడకపోయినా గడిచిపోతుంది. అటువంటి వారాల చివర గొంతు పలుకుతుందా లేదా అని అప్పుడప్పుడు బాత్రూములో దగ్గి చూసుకుంటాను. తోటకు వెళ్ళిన రోజున మాత్రం ఒక మాట మాట్లాడవలసి ఉంటుంది. అది సీమ సంపెంగతో.

మా తాతగారి కాలంలో ఆ చెట్టు ఏటా దానంతట అదే పూసేదట. నాకు తొమ్మిదో ఏడు నడుస్తుండగా ఒక వసంతంలో మొగ్గ వెయ్యలేదు. మామిడి, పనస కాయకపోతే మా వైపు ఒక పని చేస్తారు. ఉగాదికి ముందు వచ్చే కొత్త అమావాస్యనాడు ఇంటి యజమాని గొడ్డలి తీసుకుని చెట్టు దగ్గరకు వెళతాడు. గొడ్డలి వెనక భాగంతో మానును మూడుసార్లు తట్టి, నరికేస్తానని బెదిరిస్తాడు. ఇంకొకరు చెట్టు తరఫున అడ్డుపడి, వచ్చే ఏడు కాస్తుందని మాట ఇస్తారు. చెట్టు ఆ మాట విని, సిగ్గుపడి కాస్తుందని నమ్మకం. కాయని చెట్లకు చేసే ఆ పని నాన్నగారు పూయని చెట్టుకు చేశారు.

ఇత్తడి కట్టు వేసిన చిన్న గొడ్డలి ఒకటి ఇంట్లో ఉండేది. నాన్నగారు మడత నలగని పంచె కట్టుకుని, దాన్ని పట్టుకుని వెళ్ళారు. నేను ఆయన కుడిపక్కన నిలబడ్డాను. తోటమాలి ఎదురుగా చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

నాన్నగారు మూడుసార్లు తట్టి, "ఏమే, పూస్తావా? నరికించేదా?" అన్నారు.

"కొట్టబాకండయ్యా," అన్నాడు తోటమాలి. "ఈ ఏటికి వదిలెయ్యండి. మళ్ళేటికి పూస్తాది. దీనికి నేను జామీను."

"నీ మాట మీద వదులుతున్నా," అన్నారు నాన్నగారు. తర్వాత తట్టిన చోట పసుపు, కుంకుమ పెట్టారు.

మరుసటి ఏడు చెట్టు పూసింది. తొమ్మిది పూలు. నాన్నగారు వచ్చినవాళ్ళందరికీ చెప్పారు, మా ఇంట్లో చెట్టు కూడా మాట వింటుందని. అప్పటి నుంచి తోట పోయేదాకా ఏటా కొత్త అమావాస్యనాడు ఆ తంతు జరిగింది, ఏటా చెట్టు పూసింది.

తోట పోయిన తర్వాత నేను దాన్ని మానలేదు. గొడ్డలితో పరాయి చోటికి పోలేను కనుక, గొడుగు మొనతో మానును మూడుసార్లు తట్టి నాన్నగారి మాటే అనేవాణ్ణి. బదులు చెప్పేవాళ్ళు లేరు. అయినా చెట్టు పూసేది. కాలేజీవాళ్ళకు కారణం తెలియదు, నాకు తెలుసు అనుకుని బస్సెక్కేవాణ్ణి. ఆ ఒక్క రోజు తిరుగు ప్రయాణంలో కిటికీ పక్క సీటు దొరకకపోయినా బాధపడేవాణ్ణి కాదు.

ఐదేళ్ళ కిందట పూయడం ఆగింది. చెట్టుకు గొడుగు సంగతి తెలిసిపోయిందనుకున్నాను. నవ్వినా నవ్వండి, అప్పుడు నాకు అంతకంటే వేరే కారణం తోచలేదు. పోయిన ఏడాది ఫాల్గుణం మొదట్లో వెళ్ళేసరికి మాను చుట్టూ ఎర్ర రంగు గీత కనిపించింది. దారి పక్కన ఎండిన సుబాబుల్ చెట్లకు అదే గీత వేసి, తర్వాత కొట్టేయడం నేను అంతకు ముందు చూశాను. చాలాసేపు అక్కడే నిలబడ్డాను. మా ముత్తాతగారు తెచ్చినవాటిలో, కట్టించినవాటిలో, కొన్నవాటిలో చూపుడువేలు పెట్టి ఇది మాది అని చూపించడానికి మిగిలింది అదొక్కటే.

కొత్త అమావాస్య రోజున మంచం కింద పెట్టెలోంచి గొడ్డలి తీసి, గుడ్డసంచిలో పెట్టుకుని బయలుదేరాను.

గేటు దగ్గర ఒక మీసాల సెక్యూరిటీ మనిషి ఆపాడు. "పెద్దాయనా, సంచి తెరువు."

"ఎందుకు?"

"అందరిదీ చూస్తాం. నువ్వేం కలెక్టరువా?"

తెరిచాను. అతను లోపలికి చూసి, నన్ను చూసి, మళ్ళీ లోపలికి చూశాడు.

"ఏందిది, గొడ్డలా? చెట్లు చూసేదానికి వచ్చేవాళ్ళు గొడ్డలెత్తుకోనొస్తారా?"

"నరకడానికి కాదు. బెదిరించడానికి."

"ఎవుర్ని?"

"చెట్టును."

అతను టిక్కెట్లు చింపే మనిషి వైపు తిరిగాడు. "అన్నా, ఈయన చెట్లను బెదిరిస్తాడంట." తర్వాత నాతో చాలా మర్యాదగా అన్నాడు, "మా ఇంటికాడ మునగచెట్టొకటి ఉండాది, మూడేండ్లుగా కాయటంలా. తిరుగు బస్సుకు ఆ పక్క ఒకసారి వస్తావా?"

ఇద్దరూ నవ్వారు. గొడ్డలి తీసుకుని, ఇన్‌ఛార్జి మేడం దగ్గరకు పదమన్నాడు.

ఆ ఇన్‌ఛార్జి మా తోటమాలి కూతురు. మేము తోట వదిలేనాటికి చంకలో పిల్ల. తోటమాలి కాలేజీలోనే పనిచేస్తూ ఆమెను చదివించాడని, ఉద్యానశాస్త్రంలో పెద్ద చదువు చదివి తొమ్మిదేళ్ళ కిందట ఇక్కడికే పెద్దగా వచ్చిందని విన్నాను. ఆ తొమ్మిదేళ్ళూ ఆఫీసు గది వైపు వెళ్ళలేదు. నేను గుమ్మంలోకి వస్తే ఆమె లేచి నిలబడుతుందా, నిలబడదా అన్నది తేల్చుకోవడం నాకు ఇష్టం లేకపోయింది.

లేచింది. గొడ్డలి అందుకోవడానికి.

కట్టు మీద బొటనవేలితో రాసి చూసి, "మా నాయన చెప్పిన గొడ్డలి ఇదేనా?" అంది. "కూర్చోండన్నా. ఈపొద్దు అమాస గదా. మీ ఇంటోళ్ళు ఎవురన్నా వస్తారేమో అని పొద్దున్నుంచి అనుకుంటానే ఉన్నా."

ఆమె నాన్న మా నాన్నగారిని అయ్యా అనేవాడు, నన్ను చిన్నయ్యా అనేవాడు. ఆమె అన్నా అంది. నేను కూర్చోలేదు.

"ఎర్ర గీత ఎందుకు వేయించారు?"

"వానలు పడేలోపల తీసేయాలని రాసినామన్నా. నాలుగేండ్లుగా ఒక్క పువ్వు లేదు. కొనలు ఎండిపోతా ఉండాయి. పిల్లోళ్ళు దాని కిందనే కూర్చోని అన్నాలు తింటారు. కొమ్మ ఇరిగి ఎవురి నెత్తినన్నా పడితే నా మెడకు చుట్టుకుంటాది."

"పూస్తుంది," అన్నాను. "సరిగ్గా బెదిరించి చాలాకాలమయింది. దానికి భయం పోయింది. అందుకే ఇది తెచ్చాను."

ఆమె నవ్వుతుందని అనుకున్నాను. నవ్వలేదు. కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది.

"మీరు నిజంగానే అనుకుంటా ఉండారా అన్నా, అది మీ గొడ్డలికి భయపడి పూసిందని?"

"మరి?"

"నీళ్ళకు పూసింది. ఇది చల్లకొండల చెట్టు. మన తోట నీళ్ళు ఉప్పు. బోరు నీళ్ళు నోట్లో పోసుకుంటే ఊసేస్తాం. మా నాయన అమాసనాడు మీ నాయన ముందర చేతులు కట్టుకోని మాటిచ్చి, తెల్లారి కావడేసుకోని కాలవకు పోయేవాడంట. పొద్దున రెండు కడవలు, సాయంత్రం రెండు కడవలు. మా అమ్మ నవ్వేది, చెట్టుకేం భయం లేదే, భయమంతా మీ నాయనకే అని."

"మాకెందుకు చెప్పలేదు?"

"చెప్తే?" అంది. "చెట్టు మా మాట వినిందని మీ నాయన ఊరంతా చెప్పుకుంటా ఉంటే, ఈయన పోయి కాదయ్యా, నేను నీళ్ళు పోసినానని చెప్పాల్నా?"

నేను గోడ మీది క్యాలెండరు చూస్తూ నిలబడ్డాను.

"మీరు పొయినాక గూడా మా నాయన మానలా. రిటైరైనాక గూడా ఏమీ తోచక వచ్చి పోసేవాడు. కాళ్ళు పడిపోయిందాకా పోసినాడు. ఆయన పొయ్యి ఆరేండ్లు. చెట్టు ఆగిపొయ్యి నాలుగేండ్లు."

"మీరు పోయించవచ్చు కదా?"

"ఇరవై ఎకరాలన్నా ఇప్పుడు, రోడ్డవతలది గూడా కలిపి. నా కింద ఏడుగురు మనుషులు. ఒక్క చెట్టుకు రోజూ మనిషిని కాలవకు పంపితే నన్నడగరా?" ఆమె గొడ్డలి పట్టుకునే లేచింది. "రండి, చూపిస్తా. తీసేయమని ఊరికే రాయలా నేను."

ఇద్దరం చెట్టు దగ్గరకు నడిచాం. అమావాస్య పూట తోటలో పెద్దగా జనం లేరు. ఎర్ర గీతకు జానెడు పైన మాను ఒక చోట నల్లబడి ఉంది. ఆమె గొడ్డలి తిప్పి, వెనక భాగంతో అక్కడ తట్టింది. "వినండన్నా. బోలుగా ఉందా?" కొంచెం పక్కన మళ్ళీ తట్టింది. "ఇక్కడ గట్టిగానే ఉండాది." మూడోసారి తట్టింది.

ఆ మూడో చప్పుడుకు నా నోటి నుంచి మాటలు వచ్చాయి. నేను అనుకుని అన్నవి కావు.

"కొట్టబాకమ్మా. ఈ ఏటికి వదిలెయ్. మళ్ళేటికి పూస్తాది. దీనికి నేను జామీను."

పద్నాలుగు వసంతాలు విన్న మాటలు అవి. ఎప్పుడూ గొడ్డలి ఉన్న వైపు నిలబడి విన్నాను. ఇవతలి నుంచి చెబితే ఎలా ఉంటుందో తెలియదు. ఆమె నా ముఖం వైపు కాక కొంచెం కిందికి చూస్తోంది. నేనూ చూసుకున్నాను. నా చేతులు కట్టుకుని ఉన్నాయి.

ఆమె గొడ్డలి దించింది. కానుగల్లో ఎక్కడో కోకిల రెండుసార్లు కూసి ఊరుకుంది.

"జామీనుండేవాళ్ళు నీళ్ళు మొయ్యాలన్నా," అంది చివరికి.

"మోస్తాను."

"మీరా?"

"నేనే."

"కావడి మీ భుజానికి ఆనదు."

"బిందె మోస్తాను."

"ఒక్క ఏడు," అంది. "మళ్ళీ చైత్రం వైశాఖాల్లో మొగ్గ లేకపోతే నన్నేమీ అనబాకండి." గొడ్డలి నాకు తిరిగి ఇవ్వలేదు. పనిముట్ల గదిలో పెట్టించింది. నేనూ అడగలేదు.

కాలవ వెనక గేటు నుంచి మూడు వందల పది అడుగులు. మొదటి రోజు ఇస్త్రీ చొక్కాతో వెళ్ళాను. రెండు చిన్న ప్లాస్టిక్ బిందెలు కొన్నాను. నింపేటప్పుడు తేలికగానే ఉన్నాయి. సగం దూరం వచ్చేసరికి వేళ్ళు తెగిపోతాయనిపించింది. నీళ్ళు పంచె మీద ఒలికాయి. దారిలో ఎదురైన కాలేజీ పిల్లలు, నేను తోట పనివాణ్ణనుకుని, టాయిలెట్లు ఎక్కడ అని అడిగారు. చేతులు ఖాళీ లేక గడ్డంతో చూపించాను.

వారానికి నాలుగు రోజులు వెళ్ళాను. తెల్లవారి మొదటి బస్సు, ఎండెక్కేలోపల ఆరు బిందెలు. మీసాల సెక్యూరిటీ మనిషి నా దగ్గర టిక్కెట్టు అడగడం మానేశాడు. నేను కొనడం మానలేదు. అతను రోజూ ఏదో ఒకటి అనేవాడు.

"ఏం పెద్దాయనా, చెట్టు భయపడిందా?"

"లేదు. నేను భయపడ్డాను."

"మోటారు పెట్టిస్తే పోదా?"

"మోటారు మాట ఇవ్వలేదు, నేను ఇచ్చాను."

"అబ్బో," అని పక్కకు తప్పుకునేవాడు. ఒకరోజు బిందె ఒకటి అందుకోబోయాడు. వద్దన్నాను. అతను నొచ్చుకున్నాడని తర్వాత తెలిసింది, ఆ పూటంతా ఏమీ అనకపోవడం వల్ల.

వేసవిలో కాలవ కట్టేశారు. ఏం చెయ్యాలో తెలియక ఎండిన కాలవ గట్టు మీద నిలబడితే ఇన్‌ఛార్జి వచ్చి చూపించింది. కాలవ అడుగున ఇసుకలో మోచేతి లోతు గుంట తీస్తే, నీళ్ళు నెమ్మదిగా ఊరతాయి. చెలమ అంటారు దాన్ని. కొబ్బరి చిప్పతో తోడి నింపాలి. ఒక బిందె నిండడానికి ఇరవై నిమిషాలు పడుతుంది. ఆ ఇరవై నిమిషాలు ఇసుకలో గొంతుక్కూర్చోవడం తప్ప చెయ్యడానికి ఏమీ ఉండదు. ఆమె నాన్న ఏటా వేసవంతా అలా కూర్చునేవాడు. అప్పుడు నేను మేడ మీద పడుకుని, గంగాళంలోని పువ్వు వాసన ఎంతవరకు వస్తుందో చూసుకుంటూ ఉండేవాణ్ణి.

ఆ గుంట పక్కన కూర్చుని తోటమాలి ముఖం గుర్తు చేసుకోవడానికి ప్రయత్నించాను. చాలా రోజులు ప్రయత్నించాను. చేతులు గుర్తొచ్చాయి, కట్టుకున్నవి. నడుముకు చుట్టిన తుండు గుర్తొచ్చింది. ముఖం రాలేదు. ఒకసారి ఆమెను ఫోటో ఉందా అని అడిగాను. రేషను కార్డు మీద ఒకటి ఉందని, అందులో ఆయన ఆయనలా ఉండడని చెప్పింది.

అంతకు ముందు నేను ఒంటరివాణ్ణని నాకు తెలుసు. దాన్ని మా కుటుంబానికి తగిలిన ఒక దెబ్బలాగా, కొంచెం గొప్పగానే మోసేవాణ్ణి. చెలమ పక్కన కూర్చున్నాక, అలా మోయనివాళ్ళు కూడా ఒంటరిగా ఉంటారని తెలిసింది. అది తెలిసినంతమాత్రాన నాకు తోడు ఎవరూ రాలేదు. సాయంత్రం అదే మేడ, అదే రెండు గదులు. నడుం నొప్పి వల్ల నిద్ర మాత్రం పట్టేది.

వానలు వచ్చి పోయాయి. చెట్టును కొట్టలేదు. కార్తీకంలో ఎండిన కొనల కింద కొత్త ఆకు వేసింది. పుష్యంలో మళ్ళీ బిందెలు పట్టుకున్నాను. ఈ ఏడాది కొత్త అమావాస్యనాడు ఎవరమూ చెట్టును ఏమీ అనలేదు. నేను ఆరు బిందెలు పోసి బస్సెక్కాను.

చైత్రం చివరి వారంలో తూర్పు కొమ్మకు రెండు మొగ్గలు కనిపించాయి. ఒకటి గాలికి రాలింది. రెండోదాన్ని చూడడానికి ఇన్‌ఛార్జి రోజూ వెళ్ళేదని నాకు తెలియదు. ఒక సాయంత్రం ఫోను మోగింది. నా ఫోను మోగడమే తక్కువ.

"అన్నా, మొగ్గ తెల్లబడింది. పొద్దున మొదటి బస్సుకే రండి."

వెళ్ళేసరికి విచ్చుకుని ఉంది. నా చిన్ననాటి పువ్వంత లేదు, అరచేతికి కొంచెం పెద్దది. వాసన అదే. మీసాల సెక్యూరిటీ మనిషి గేటు వదిలి వచ్చి చూసి, "దీనికోసమా ఇంత?" అన్నాడు. మళ్ళీ అతనే పువ్వు దగ్గరకు ముక్కు చాచి చాలాసేపు పీల్చి, "బాగుండాది" అన్నాడు. ఎవరమూ ముట్టుకోలేదు. ఎర్ర గీత అలాగే ఉంది. దాని మీద సున్నం కొట్టించమని నేను అడగలేదు. "ఇంకో ఏడు చూద్దాం," అంది ఆమె.

అతను గేటుకు వెళ్ళిపోయాక మేమిద్దరమే మిగిలాం. ఆమె పువ్వును చూస్తూ అడిగింది.

"ఒకటడగతా, ఏమనుకోబాకండన్నా. మొదట్లో మంచినీళ్ళ బావి తోటలోనే ఉండేదని మా నాయన అనేవాడు. ఈశాన్యం మూల. తోటలో బావి పెట్టుకోని ఆయన కాలవ దాకా ఎందుకు పోవాల్సొచ్చింది? ఆ గోడ లోపలికి రావడం సర్వే తప్పేనా?"

"సర్వే తప్పు కాదు," అన్నాను. మిగతాది కూడా చెప్పాను. అంతకు ముందు ఎవరికీ చెప్పలేదు.

నాకు ఎనిమిదో ఏట, చెట్టు మొగ్గ వెయ్యని ఆ వసంతానికి ఒక ఏడు ముందు, మా నాన్నగారు ఆ మూలనున్న మంచినీళ్ళ బావినీ, దాని చుట్టూ పన్నెండు సెంట్ల నేలనూ పక్క చేను వాళ్ళకు అమ్మేశారు.